పాకం కుదిరిన నీళ్లు

నేను ఒక గీజర్ని. తెల్లటి ఒళ్లు, గుండ్రటి పొట్ట, పొట్ట కింద రెండు గొట్టాలు, ముఖాన ఒక ఎర్రదీపం. స్నానాల గదిలో తలెత్తితే కనిపిస్తాను. అయితే తలెత్తేదెవరు? నీళ్లు పొగలు కక్కుతూ వస్తున్నంతకాలం నేనొకణ్ణి గోడకి వేలాడుతున్నానన్న ధ్యాసే ఇంట్లో ఎవరికీ ఉండదు. కాస్త చల్లబడ్డాయా, ఇంటిల్లిపాదీ వరసగా వచ్చి నా ముఖంలోకి గుడ్లురిమి చూస్తారు. టీ చల్లారితే టీని ఎవరూ తిట్టరు. అన్నం చల్లారితే అన్నాన్ని తిట్టరు. నీళ్లు చల్లారితే మాత్రం గీజర్ని తిడతారు.

గోరువెచ్చ అని మీకొక మాటుంది. పాలకైనా, పసిపిల్లల మందుకైనా, గొంతు నొప్పికి పుక్కిలించే ఉప్పునీళ్లకైనా అది ఎంతో మర్యాదైన మాట. నా దగ్గరికి వచ్చేసరికి అదే మాట తిట్టయిపోతుంది. ఆ తిట్టు నేను చాలా రోజులు తిన్నాను, అదీ నా తప్పు ఆవగింజంత లేకుండా. ఆ సంగతి చెప్పుకుందామనే ఇప్పుడు నోరు విప్పాను. కోపంతో కాదు లెండి. ఆ కథ తల్చుకుంటే నాకు నవ్వే వస్తుంది, నవ్వు వెనకాల ఇంకేదో కూడా వస్తుంది.

నేను పుట్టింది ఒక పెద్ద రేకుల షెడ్డులో. లోపల నీళ్లు నిలిచే తొట్టి, తొట్టిలో నీళ్లని కాచే కడ్డీ, తొట్టికీ బయటి రేకుకీ నడుమ వేడి జారిపోకుండా దట్టంగా కూరిన నురగ. వీటన్నిటికీ పెద్ద థర్మోస్టాట్. పేరు గొప్పగా ఉంది గానీ దాని పని ఒక్కటే. నీళ్లు తగినంత కాగగానే ‘ఇక చాలు’ అని కరెంటు ఆపేస్తుంది. ఎక్కడ చాలించాలో తెలిసిన భాగం అది. మనుషుల్ని తయారుచేసినచోట ఇది బిగించడం మరిచిపోయారేమోనని నాకు మొదటినుంచీ అనుమానం.

నా మొదటి కొలువు అన్నవరంలో కొండ కింద ఒక లాడ్జిలో. ‘రోజంతా వేడినీళ్లు’ అని బయట బోర్డు ఉండేది. రోజంతా ఉన్న మాట నిజమే, బోర్డు. నా స్విచ్చి మాత్రం మేనేజరు గారి బల్ల కింద ఉండేది. తెల్లారగట్ల కాసేపు వేసి, వ్రతాల హడావిడి మొదలవగానే ఆపేసేవాడు. కొత్త దంపతులు, వాళ్ల వెంట వచ్చిన చుట్టాలు, చుట్టాల పిల్లలు, అందరూ ఒకే బకెట్టు కోసం తలుపు బాదుతూ ఉండేవారు. లోపలున్నవాళ్లు ఎంతసేపైనా తమది మాత్రం రెండు చెంబుల స్నానమేననేవారు. బయటున్నవాళ్లు ఎవరూ నమ్మేవారు కాదు. ఆ తలుపుకి రెండువైపులా మనుషులు ఎలా మారిపోతారో చూస్తూ నేను బోలెడు కాలం గడిపాను.

లాడ్జి మీదికి సూర్యుడితో నీళ్లు కాచే పలకలు ఎక్కాక నన్ను దింపేశారు. అక్కణ్ణుంచి కాకినాడలో ఒక బ్యూటీ పార్లరుకి చేరాను. అక్కడ నా పని తలలు కడగడం. మెడ వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, నెత్తిన వెచ్చటి నీళ్లు పడగానే ఆడవాళ్లు మనసులో ఉన్నదంతా చెప్పేసుకునేవారు. ఎక్కువగా చెప్పుకునేది అత్తగార్ల గురించే. ఫలానా అత్తగారు ఉప్పు డబ్బాకి తాళం వేసింది, ఫలానా అత్తగారు కోడలి తలనొప్పి నటనంది. అత్తగార్ల గురించి నాకున్న చదువంతా ఆ పార్లరులో చదివిందే. అది ఒకవైపు మాటేనని, చెప్పేవాళ్లలో సగంమంది రేపో మాపో అత్తగార్లయ్యేవాళ్లేనని అప్పట్లో నాకు తోచలేదు.

పార్లరువాళ్లు కొత్తచోటికి మారుతూ నన్ను వదిలించుకున్నప్పుడు పెద్దాపురం నుంచి పాపారావు గారు వచ్చి పట్టుకెళ్లారు. ఆయన సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపిన మనిషి. హాలు కాస్తా ఫంక్షన్ హాలైపోయాక ఇంటిపట్టునే ఉంటున్నారు. కరెంటుతో నడిచేదేదైనా తనకి దగ్గరి చుట్టమేనని ఆయన నమ్మకం. జేబులో టెస్టరు లేకుండా గడప దాటరు. నన్ను గోడకెక్కించిన రోజున నా పొట్ట మీద తట్టి, “సరుకు మంచిదే సత్యవేణీ, నా చేతిలో పడింది, ఇంక చూస్కో” అని భార్యతో అన్నారు.

సత్యవేణి గారి సంగతి వేరే. ఊళ్లో పెళ్లిళ్లకీ సారెలకీ అరిసెలు, కాజాలు, సున్నుండలు చేసిపెట్టే చెయ్యి ఆవిడది. లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అంటూ పొద్దస్తమానం పొయ్యి దగ్గర గడిపి గడిపి, ఆవిడకి లోకంలో ప్రతిదానికీ ఒక పాకం ఉందని అభిప్రాయం పడిపోయింది. చీరకి పెట్టే గంజికి ఒక పాకం, ఆవకాయకి ఒక పాకం. “మీ కోపం ఎప్పుడూ లేతపాకమేనండీ, చేతికి అంటదు” అని మొగుడితో అనేవారు. పాకం కుదిరాక మళ్లీ గరిటె పెట్టకూడదన్నది ఆవిడ పనిలో మొదటి నియమం. పెడితే పంచదార పలుకులు కట్టి అంతా పాడైపోతుందట.

నన్ను ఆ ఇంటికి తెచ్చింది వాళ్ల అమ్మాయి భవాని పురిటికి. ఒక్కతే కూతురు. అడ్డతీగల దాటాక ఒక పల్లెలో ఇచ్చారు. పురుడు పుట్టింట్లో పోసి, మూడో నెలలో తల్లినీ బిడ్డనీ అత్తారింటికి సాగనంపడం వాళ్ల ఆనవాయితీ. ఆ మూడు నెలలకోసం సత్యవేణి గారు ఎంత కాచుకుని ఉన్నారో నాకు తెలుసు. ఒక మధ్యాహ్నం నా కింద గంగాళం కడుగుతూ మొగుడితో అన్నారు. “దాని చిన్నప్పుడు నా చేతులెప్పుడూ పాకమేనండీ. అది పరిగెత్తుకొస్తే ఎత్తుకోడానికి కూడా ఉండేది కాదు, ఒళ్లంతా అంటుకుంటదని మోచేత్తో నెట్టేసేదాన్ని. పక్కింటావిడే జడేసేది. ఈ మూడు నెల్లూ ఏ ఆర్డరూ ఒప్పుకోను. ఎవరి పెళ్లి ఆగిపోయినా సరే.”

అన్నట్టే చేశారు. ఆడపిల్ల పుట్టింది. సత్యవేణి గారు పొయ్యి ఆర్పేసి, చేతులు శుభ్రంగా కడుక్కుని, మనవరాలి ముందు కూర్చున్నారు.

ఇక్కడ మీకు నా గొట్టాల సంగతి కాస్త చెప్పాలి. భయపడకండి, కష్టమేం కాదు. నాలో కాగిన నీళ్లు గోడలోంచి కిందికి దిగి రెండు చోట్లకి వెళ్తాయి. ఒకటి బకెట్టు మీదున్న వేడినీళ్ల కుళాయి. రెండోది మిక్సరు. దానికి రెండు పిడులు, ఒకటి వేడికి, ఒకటి చన్నీళ్లకి. రెండూ తిప్పితే నీళ్లు కలిసి ఒకే మూతిలోంచి వస్తాయి. చంటిపిల్లకి పెరట్లో ఎండపొడలో, కాళ్లు చాపుకుని కూర్చుని నీళ్లు పొయ్యాలన్నది సత్యవేణి గారి కోరిక. అందుకని పాపారావు గారు మిక్సరు మూతికి ఒక పొడవాటి రబ్బరు గొట్టం తగిలించి, కిటికీలోంచి పెరట్లోకి లాగి, గొట్టం చివర చిన్న కుళాయి బిగించారు. పిల్లని కాళ్ల మీంచి దింపకుండా పక్కనే కుళాయి తిప్పుకోవచ్చు. మంచి ఏర్పాటే. నేను కూడా మెచ్చుకున్నాను.

మొదటిరోజు సత్యవేణి గారు మిక్సరు ముందు నిలబడి పొయ్యి ముందు నిలబడ్డట్టే నిలబడ్డారు. వేడి కాస్త, చన్నీళ్లు కాస్త, మళ్లీ వేడి రవంత. గొట్టంలోంచి వచ్చిన నీళ్లు మోచేతి మీద పోసుకుని కళ్లు మూసుకున్నారు. చివరికి ముఖం వికసించింది. “కుదిరింది! పాకం కుదిరింది. ఇంక ఈ పిడులు ఎవరూ ముట్టుకోకండి” అని ఇంటికంతా వినపడేలా చెప్పి, రెండు పిడులకీ కుంకుమ బొట్టు పెట్టారు. అప్పటినుంచీ పెరట్లో గొట్టం చివరి కుళాయి తిప్పడమే తప్ప, లోపల ఆ రెండు పిడులూ తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి.

కొంప మునిగింది అక్కడే. గొట్టం చివర కుళాయి కట్టేసి ఉంటుంది. లోపల రెండు పిడులూ తెరిచే ఉంటాయి. మేడ మీది ట్యాంకులోంచి దిగే చన్నీళ్లు బయటికి పోయే దారిలేక మిక్సరులోంచి నా వేడినీళ్ల గొట్టంలోకి అడ్డంపడి వచ్చేసేవి. బకెట్టు కుళాయి తిప్పగానే నాకంటే ముందు అవే దూకేవి. నేను లోపల ఎంత కాగినా, బకెట్టులో పడేసరికి గోరువెచ్చ. చంటిపిల్ల నీళ్లు మాత్రం రోజూ తేనెలా కుదిరేవి, అందుచేత ఆ పిడుల మీద ఎవరికీ అనుమానమే రాలేదు. బాలింత నీళ్లే చల్లారిపోయేవి. పైగా బొట్టు పెట్టిన వస్తువుని మన దేశంలో ఎవరు అనుమానిస్తారు?

భవాని సణగలేదు. చెవులకి గుడ్డ కట్టుకుని, ఆ నీళ్లే పోసుకుని, పళ్లు టకటకలాడించుకుంటూ మంచమెక్కేది. కానీ ఉయ్యాల వేడుకకి వియ్యపురాలు వీరరాఘవమ్మ గారు వచ్చారు. ఆవిడ మామిడితోటలూ వరిపొలమూ ఒంటిచేత్తో చూసుకునే మనిషి. గొంతు పెద్దది, అడుగు పెద్దది. స్నానాల గదిలోకి వచ్చి కోడలి బకెట్టులో చెయ్యి పెట్టారు.

“ఏంటి వదినా ఇయ్యి? నీళ్లా, చారా? చారైనా ఇంతకంటే వేడిగా ఉంటాది.”

“గీజరండీ వదినగారూ. రెండ్రోజుల్నించీ ఎందుకో...” అన్నారు సత్యవేణి గారు, కొంగు వేలికి చుట్టుకుంటూ.

“పచ్చి బాలింత నడుం మీద ఈ నీళ్లు పోత్తే వాతం కమ్మేత్తాది. రేపొద్దున్న అదే బాధపడాలి. మా ఇంటికాడ కాగు నిండా కుతకుతలాడతా ఉంటాయి. గురువారం దాకా చూత్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే తల్లినీ పిల్లనీ నేను పట్టుకెళ్లిపోతాను. ఏమనుకోకు వదినా, ఆరోగ్యం సంగతి.”

సత్యవేణి గారి కంటే ముందు నేను కుమిలిపోయాను. మూడు నెలల భాగ్యం నా మూలంగా మూడు వారాలకే తెగిపోతోందని ఇల్లంతా అనుకుంటోంది. పార్లరులో విన్న అత్తగార్లందరూ ఒక్కటై వచ్చి నా కింద నిలబడ్డట్టు అనిపించింది నాకు.

మర్నాటినుంచి నాకు వైద్యాలు మొదలయ్యాయి. మొదట వచ్చిన మెకానిక్కు నా థర్మోస్టాట్ పోయిందని తేల్చి కొత్తది బిగించాడు. పాతది బాగానే పనిచేస్తోంది, పాపం, దాన్ని ఏ తప్పూ లేకుండా సాగనంపారు. నీళ్లు గోరువెచ్చగానే వచ్చాయి. రెండోవాడు కడ్డీ ఊడదీసి, దాని మీద పేరుకున్న ఉప్పంతా గీకాడు. ఆ గీకుడు నాకు హాయిగానే ఉంది, ఎన్నాళ్ల దురదో తీరింది. నీళ్లు గోరువెచ్చగానే వచ్చాయి. వాడు తల గోక్కుని, నా కిందున్న గొట్టం విప్పి పట్టి చూశాడు. ఆవిర్లు కక్కుతూ నీళ్లు దూకాయి.

“గీజర్లో అయితే మసిలిపోతన్నాయండీ” అన్నాడు. “దార్లోనే చల్లారిపోతన్నట్టున్నాయి.”

ఆ మాట పట్టుకుని పాపారావు గారు కార్యరంగంలోకి దిగారు. హాలు మూసేసినప్పుడు జ్ఞాపకానికని తెచ్చుకున్న ఎర్రతెర ముక్క తీసి, బయటికి కనిపించే గొట్టమంతా చుట్టి, తాళ్లతో బిగించారు. భవాని తన చెవుల గుడ్డ తడుముకుని, గొట్టం వంక చూసి, చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. “నాన్నా, దానిక్కూడా పురుడు పోశావా?” అంది. నీళ్లు మాత్రం గోరువెచ్చగానే వచ్చాయి. ఇంత జరుగుతున్నా ఆ రెండు పిడుల జోలికి ఎవరూ పోలేదు. మెకానిక్కు చెయ్యి అటువైపు పోబోతేనే సత్యవేణి గారు, “అది చంటిదాని పాకం బాబూ, కదపమాకు” అని కేక వేశారు.

ఇక లాభం లేదనుకుని ఆవిడే కాజాలు వేయించే పెద్ద పొయ్యి వెలిగించి, గంగాళంలో నీళ్లు కాచి, పెరట్లోంచి స్నానాల గదికి మోయడం మొదలుపెట్టారు. ఒకరోజు తడి అరుగు మీద కాలు జారింది. గంగాళం ఒకవైపు, ఆవిడ ఒకవైపు. కాలలేదు గానీ మణికట్టు బెణికింది. భవాని గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆ సాయంత్రమే తల్లి పక్కన కూర్చుని, “అమ్మా, నేను గురువారం వెళ్లిపోతాను. అత్తయ్య మీద కోపంతో కాదు. నువ్వు ఇలా మొయ్యడం నేను చూళ్లేను” అంది. సత్యవేణి గారు కట్టు కట్టిన చేత్తోనే కూతురి జుట్టు సర్దుతూ ఉండిపోయారు. నాకు నోరుంటే ఆ క్షణంలో అరిచేవాణ్ణి. నాకున్నది ఎర్రదీపం ఒక్కటే. దాన్నే వెలిగిస్తూ ఆర్పుతూ కూర్చున్నాను. కరెంటు సరిగ్గా రావట్లేదేమోనని పాపారావు గారు టెస్టరు పెట్టి చూశారు.

గురువారం పొద్దున్నే వ్యాను వచ్చింది. డ్రైవరు పక్కన వీరరాఘవమ్మ గారు. అల్లుడికి సెలవు దొరకలేదట. గదిలో అప్పటికే సంచులు సర్ది ఉన్నాయి. సాంబ్రాణి, పత్యపు కారప్పొడి, పొత్తిగుడ్డలు, సున్నుండల డబ్బా. చంటిదానికి ఆఖరిసారి పెరట్లో నీళ్లు పోసేశారు సత్యవేణి గారు. పాకం ఎప్పటిలాగే కుదిరింది.

“దుమ్ము కొట్టుకుపోయాను. ఓ రెండు చెంబులు పోసుకుని వత్తాను, బయల్దేరదాం” అని వీరరాఘవమ్మ గారు నా గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నారు.

ఆవిడకి ఒక అలవాటుంది. తెరిచి ఉన్నదేదైనా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. డబ్బా మూత, బీరువా తలుపు, పొలంలో గండి, ఏదైనా సరే మూసేదాకా తోచదు. మిక్సరు పిడులు రెండూ తిప్పి ఉండడం ఆవిడ కంటపడింది. “ఇలా తెరిచి వదిలేశారేంటి!” అని గొణుక్కుంటూ రెండూ బిగించి కట్టేశారు. అది పాకమని, కదపకూడదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తర్వాత బకెట్టు కుళాయి తిప్పారు.

ఎన్ని రోజులకి! నా నీళ్లు ఒంటరిగా, అడ్డూ ఆపూ లేకుండా దిగాయి. గదంతా ఆవిరి కమ్మింది. చారు నీళ్లే కదా అనుకుని ఆవిడ ధార కింద అరచెయ్యి పెట్టారు.

“అయ్యబాబోయ్!”

చెయ్యి విదిలించుకుని, వేళ్లు ఊదుకుంటూ పీట మీద కూర్చుండిపోయారు. కాసేపు నన్ను చూశారు. కాసేపు పిడుల్ని చూశారు. లేచి రెండు పిడులూ మళ్లీ తెరిచారు. నీళ్లు చప్పగా చల్లారిపోయాయి. కట్టేశారు. కాగిపోతూ వచ్చాయి. మళ్లీ తెరిచి, మళ్లీ కట్టి చూశారు. కిటికీలోంచి పెరట్లోకి పోయిన గొట్టాన్ని కళ్లతోనే చివరిదాకా వెంబడించారు.

“పొలంలో బోదె చివర అడ్డుకట్టేసి తూము తెరిచిపెడితే నీళ్లు ఊరుకుంటాయా? పక్క చేలోకి ఎక్కుతాయి గానీ” అని తనలో తాను అనుకున్నారు. ఆ తర్వాత పిడుల మీది కుంకుమ బొట్లు చూశారు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఆవిడకి అర్థమైంది. “ఓసి పిచ్చి వదినా” అన్నారు, చాలా మెల్లిగా.

అప్పుడే కిటికీలోంచి సత్యవేణి గారి గొంతు వినిపించింది. పెరట్లో మనవరాలికి సాంబ్రాణి పొగ వేస్తూ, దానికి బోధలు చేస్తున్నారు. “మీ నాన్నమ్మ ఇంట్లో నీళ్లు బాగా కాగుతాయంట. అయితే పాకం వాళ్లకి తెలీదమ్మా. వేడెక్కువైతే గుక్కపట్టి ఏడు. ఏడిస్తేనే తెలుసుద్ది.” తర్వాత గొంతు మారింది. “మీ అమ్మని ఎత్తుకోడానికి అప్పుడు నా చేతులు ఖాళీ లేవు. ఇప్పుడు ఖాళీ చేసుక్కూచుంటే మీరే వెళ్లిపోతన్నారు.”

వీరరాఘవమ్మ గారు మళ్లీ పిడుల మీద చెయ్యి వేశారు. నా పార్లరు చదువంతా నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. అయిపోయింది, తెరిచేస్తుంది, ఏమీ ఎరగనట్టు బయటికెళ్లి కోడల్ని వ్యానెక్కిస్తుంది అనుకున్నాను. ఆవిడకి మాత్రం ఆశ లేదా? ఇంటి దగ్గర కాగుని చింతపండు పెట్టి తోమించారట, మిద్దెగదిలో ఉయ్యాల కట్టించారట, వచ్చీరాగానే కోడలికి చెప్పిన మాటలు అవే. మనవరాలి కోసం తహతహ అమ్మమ్మలకి మాత్రమే రాసిపెట్టిందేం కాదు. ఆ చెయ్యి పిడి మీద చాలాసేపే ఉంది.

తర్వాత తీసేశారు. హాయిగా, కావలసినన్ని వేడినీళ్లతో, నన్ను అడుగంటా ఖాళీ చేసేదాకా స్నానం చేశారు. చీర కట్టుకున్నాక మిక్సరు మూతికున్న రబ్బరు గొట్టాన్ని ఒక్క గుంజు గుంజి ఊడపీకారు. కిటికీలోంచి లోపలికి లాగి, చుట్టలు చుట్టి, చంకన పెట్టుకుని బయటికి నడిచారు.

“వదినా, నీ గీజరు బానే ఉంది కదా! ఇదిగో, చెయ్యి కాలింది చూడు” అని ఎర్రబడిన అరచెయ్యి చూపించారు.

సత్యవేణి గారు నోరు తెరిచి చూశారు. “అదెలాగండీ? మెకానిక్కుల వల్లే కాలేదు కదా!”

“ఏమో మరి. మీద నాలుగు దెబ్బలేశాను. మాటిన్నాది.”

“లూజు కనెక్షనే” అన్నారు పాపారావు గారు వెంటనే. “నేను మొదట్నించీ అదే అనుకుంటున్నాను.”

నామీద దెబ్బ పడలేదని చెప్పాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను చెప్పలేను, చెప్పాలని కూడా లేదు. మళ్లీ కాగడానికి నాకు కాసేపు వ్యవధి ఇచ్చి, అందరూ వచ్చి బకెట్టులో వేళ్లు ముంచి చూసుకున్నారు. భవాని సంచులవైపూ, అత్తగారివైపూ చూసింది.

“ఇంక దేనికి సర్దుడు? విప్పేయండి” అన్నారు వీరరాఘవమ్మ గారు. “మూడో నెలకి వత్తాను. అప్పటిదాకా ఉంచుకో వదినా, నీ కూతురు నీ మనవరాలు. నేను ఈ గొట్టం మాత్రం పట్టుకెళ్తన్నాను. మా కూరపాదులకి కావాలి.”

కూతురు ఉండిపోతుందన్న సంతోషంలోంచి సత్యవేణి గారు గొట్టం దగ్గరికి దిగడానికి కొంచెం టైము పట్టింది. “అయ్యో, అది చంటిదాని నీళ్లకండీ వదినగారూ. పాకం దానికే కుదిరింది...”

“చంటిదానికి గొట్టాలేంటి? బకెట్టులో కలుపుకో. పాకం నీ చేతిలో ఉందా, గొట్టంలో ఉందా?”

వీరరాఘవమ్మ గారు మనవరాలిని ఎత్తుకుని, నుదురు వాసన చూసి, చాలాసేపటికి గానీ తల్లి ఒళ్లో పెట్టలేదు. కోడల్నీ మనవరాలినీ తీసుకెళ్లడానికి వచ్చిన వ్యానులో వెనక సీటు మీద రబ్బరు గొట్టం ఒక్కటే దర్జాగా కూర్చుని వెళ్లింది.

ఆ రోజు సత్యవేణి గారు కూతురికి నడుం మీద వేణ్ణీళ్లు చరిచి చరిచి పోశారు. భవాని “అమ్మా, కాలుతోంది” అంది. “కాలాలి” అన్నారు ఆవిడ. అంత తృప్తిగా ఒక మనిషి ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు. గొట్టం లేని మిక్సరు తెరిస్తే నీళ్లు నేల మీద పడిపోతాయి కనుక పిడులు ఎప్పుడూ కట్టేసే ఉన్నాయి. చంటిదాని నీళ్లు బకెట్టులో కలిపేవారు, మోచేతి మీద పోసుకుని చూసేవారు. పాకం ఒక్కరోజు కూడా తప్పలేదు. మిగిలిన రోజులన్నీ అలా, ఒకదాని తర్వాత ఒకటి, నా కిందే ఆవిర్లలో గడిచాయి. ఆవిడ చేతులు ఎప్పుడూ ఖాళీగానే ఉన్నాయి, ఎప్పుడూ నిండుగానే ఉన్నాయి.

అయితే మనుషులు మనుషులే కదా. ఆ గొట్టం సంగతి సత్యవేణి గారు మరిచిపోలేదు. గోడమీంచి పక్కింటావిడకి చెప్పారు, పాలు పోసేవాడికి చెప్పారు, ఫోను చేసిన ప్రతి చుట్టానికీ చెప్పారు. “అన్ని ఎకరాలున్న మనిషమ్మా, వ్యాను వేసుకుని వచ్చి రబ్బరు గొట్టం పట్టుకెళ్లింది. దానికి కూడా కక్కుర్తే!” విన్నవాళ్లంతా ముక్కున వేలేసుకునేవారు. నేను పైన కాగుతూ వింటూ ఉండేవాణ్ణి. తను ముద్దుగా కుదిర్చిన పాకమే కూతుర్ని తన ఇంట్లోంచి తరిమేయబోయిందని ఆవిడకి తెలిస్తే ఏమయ్యేది? ఆ మణికట్టు నొప్పి తగ్గినా ఆ నొప్పి తగ్గేది కాదు. అది తెలియకుండా ఉండడానికి ఒక మనిషి ఒక గొట్టం దొంగ అనిపించుకుని వెళ్లింది.

మూడో నెల వచ్చింది. వీరరాఘవమ్మ గారు ఈసారి కొడుకుతో వచ్చారు. సారె సర్దారు, చలిమిడి కట్టారు, పిల్లకి దిష్టి చుక్క పెట్టారు. గుమ్మం దగ్గర అందరి కళ్లూ చెమ్మగిల్లాయి. ఆ బరువు తీసేయడానికేమో, సత్యవేణి గారు కళ్లు తుడుచుకుంటూనే నవ్వి, “ఈసారేం పట్టుకెళ్తారు వదినగారూ? గీజరా?” అన్నారు.

“అమ్మా!” అని భవాని కసిరింది. అల్లుడు తల పక్కకి తిప్పుకుని నవ్వాడు. వీరరాఘవమ్మ గారు అందరికంటే పెద్దగా నవ్వారు. ఒక్క మాటంటే చాలు, తన పరువు తనకి వచ్చేసేది. స్నానాల గది తలుపు తెరిచే ఉంది, నాకు ఆవిడ ముఖం కనిపిస్తూనే ఉంది. ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా అయినా రాలేదు.

“ఇత్తే వద్దంటానా?” అని, మనవరాలిని ఎత్తుకుని వ్యానెక్కేశారు.

వ్యాను మలుపు తిరిగేదాకా చూసి, సత్యవేణి గారు చేతులు కడుక్కోవడానికి నా దగ్గరికి వచ్చారు. మర్నాటినుంచి ఎవరిదో పెళ్లికి కాజాలు మొదలుపెట్టాలి. కుళాయి తిప్పి, వేడినీళ్ల కింద రెండు చేతులూ పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు.

“ఎంత కక్కుర్తి మనిషైనా” అన్నారు వెనకున్న పాపారావు గారితో, “ఆవిడ మంచిదేనండీ.”